పటిక వేసిన బీరు

కిరాణా దుకాణంలో పటిక ముక్క కనబడితే నాకు ఇప్పటికీ కడుపు చల్లబడుతుంది. మానుకోటలో మా వీధి చివరి షావుకారు దాన్ని బావినీళ్ళు తేటబడడానికని అమ్ముతాడు. నేను దాన్ని చూసి ఎందుకు నవ్వుకుంటానో పాపం ఆయనకు తెలియదు. మహబూబాబాదును ఇక్కడ అందరూ మానుకోట అనే అంటారు. ఇక్కడి బడిలో సైన్సు చెప్పడానికి వచ్చాను. మా సొంత ఊరు రఘునాథపల్లి దగ్గర, పెరిగింది జనగామలో. జనగామ ఇంట్లోనే ఒక మనిషి మీద పగ తీర్చుకున్నాను. అందుకు నాకు ఏ చింతా లేదు. ఆ సంగతి రాస్తున్నాను.

మా బాపుకు పల్లెలో సేద్యం, జనగామలో పంచాయతీ సమితి రాజకీయం. నా చదువు కోసం జనగామలో ఇల్లు కట్టించి ముందరి రెండు గదులు కిరాయికి ఇచ్చేవాడు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం వచ్చింది. ఆ ఏడు బడులు సరిగా నడవలేదు. ఊరేగింపు మా వీధిలోంచి పోతుంటే ప్రహరీ మీదికి ఎక్కి నేనూ గొంతెత్తి ఒక్కసారి ‘జై’ అన్నాను. అవ్వ, అంటే మా అమ్మ, చెవి పట్టుకుని కిందికి గుంజింది. నా గొంతు వీధిలో వినబడింది అదొక్కసారే. ఆ తర్వాత ఏమన్నా అనాలనిపిస్తే డైరీలో రాసుకోవడమే. ఇంటికి ఎవరైనా వస్తే తలుపు వెనక్కి పోయేదాన్ని. నాకు నోరు లేదని చుట్టాలందరూ మెచ్చుకునేవారు.

ఇంటరు పాసైన వేసవిలో ఆ ముందరి గదుల్లో కాలువల సర్వే ఇంజనీరు ఒకాయన, ఆయన భార్య ఉండేవారు. కృష్ణా నది అవతల నుంచి వచ్చారు. చదువుకున్న మనిషని బాపుకు ఆయనంటే గురి. ఆయన్ని అడగకుండా బాపు ఎద్దును కూడా కొనేవాడు కాదు. అందుకే హన్మకొండలో నన్ను బీయస్సీలో చేర్చాలా వద్దా అన్న మాట కూడా ఆయన ముందే పెట్టాడు.

“ఏదీ, అమ్మాయిని రమ్మనండి పటేల్ గారూ,” అన్నాడు సారు.

తలుపు వెనక నుంచి వచ్చి నిలబడ్డాను.

“సైన్సు చదువుతావటగా. కుండలో నీళ్ళు చల్లగా ఎందుకుంటాయో చెప్పు.”

నాకు తెలుసు. చెప్పాను. “కుండకు సన్న సన్న తూట్లుంటయి సారూ. గండ్లకెల్లి నీళ్ళు చెమట లెక్క బయటికొచ్చి ఆవిరయితయి. ఆవిరయ్యేటందుకు ఉడుకు కావాలె గద, గా ఉడుకును కుండల నీళ్ళకెల్లే గుంజుకుంటయి.”

సారు తొడ మీద చరుచుకుంటూ నవ్వాడు. “గుంజుకుంటయి! గండ్లకెల్లి! వింటున్నావుటే?” అని లోపలున్న భార్యను పిలిచాడు. నా గొంతు పెట్టి, నా మాటను సాగదీసి మళ్ళీ అన్నాడు. “పటేల్ గారూ, సైన్సు సంగతి తర్వాత. ముందు తెలుగు నేర్పించండి. కాలేజీలో ఈ భాషతో నోరు తెరిస్తే పిల్లలు నవ్వి పోతారు. చదువు అందరికీ అబ్బేది కాదులెండి.”

నేను చెప్పిన జవాబు సరైనది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

బాపు కూడా నవ్వాడు. పెద్ద నవ్వు కాదు, సారు నవ్వాడు కాబట్టి తోడు నవ్విన నవ్వు. “అవు సారూ, మీరన్నది సుత నిజమే. ఉద్యమంల ఇప్పటికే ఒక ఏడు పాయె. ఇంట్లనే ఉండనీ,” అన్నాడు. నా బీయస్సీ అక్కడితో అయిపోయింది. ఆ రోజు డైరీలో ఒకే ముక్క రాశాను: ఈ మాటను ఆ నోటితోనే వెనక్కి తీయించాలి.

ఎట్లా తీయించాలో తెలియదు. వానలు వచ్చాయి, పోయాయి. నాకంటే తక్కువ మార్కులు వచ్చిన పిల్లలు హన్మకొండ నుంచి సెలవులకు వచ్చి ప్రయోగశాల కబుర్లు చెప్పి పోయారు. నేను ఇంట్లో మక్కజొన్నలు ఒలిచాను.

చలికాలంలో సారుకు బీరు చేయాలనే ముచ్చట పుట్టింది. ఆయనకు పైన ఉన్న పెద్ద ఇంజనీరు ఇంగ్లండులో చదివి వచ్చిన మనిషి. అక్కడి లేత రంగు బీరు, దాన్ని పేల్ ఏల్ అంటారట, అదంటే ప్రాణమట. కొత్త సంవత్సరంలో కాలువ పని చూడడానికి ఆయన మా వైపు వస్తున్నాడు. సారుకు సొంత జిల్లాకు బదిలీ కావాలి. ఆ బదిలీ పెద్ద ఇంజనీరు చేతిలో ఉంది. కొన్న బీరు ఎవరైనా పోస్తారు, ఇంట్లో చేసి పోస్తే గుర్తుంటుందని సారు ఎత్తు. బెంగుళూరులో ఉన్న చుట్టం ఎవరో ఇంగ్లీషు పుస్తకం ఒకటి, ఎండబెట్టిన హాప్స్ పూలు ఒక సంచి పంపారు. చేదుకూ వాసనకూ అవి వేయాలట. పులియబెట్టే ఈస్టు రొట్టెల బట్టీ నుంచి తెచ్చుకున్నాడు.

ఆయన భార్యకు ఆ వాసన పడదు. నేను ఆమెను అక్కా అనేదాన్ని. మెత్తని మనిషి. ఆమె వాంతి చేసుకోవడం చూసి అవ్వ, “మా పెరట్ల పెట్టుకోండ్రి సారూ, మా బిడ్డ సూసుకుంటది,” అన్నది. ఆ విధంగా బీరు నా చేతికి వచ్చింది.

జ్వరం వచ్చినవాళ్ళకు కాచి పోసే బార్లీనే, పొట్టు తీయనిది, బస్తాడు తెప్పించాడు. దాన్ని నానబోసి, తడి గోనెసంచుల మధ్య పెసలు మొలకెత్తించినట్టే మొలకెత్తించాం. మొలకను వేయిస్తే రంగు ముదురుతుంది, అందుకని ఎండలోనే ఎండబెట్టాం. ఇసుర్రాయిలో బరకగా విసిరాను. వేలు పెడితే ఓర్చుకోలేనంత వేడినీళ్ళలో నానబెడితే ఆ నీళ్ళు తియ్యగా అవుతాయి. వడగట్టి, హాప్స్ వేసి మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపి పెద్ద జాడీలో పోశాం. జాడీ మూతికి గుడ్డ కట్టాం. తెల్లారేసరికి గుడ్డ కింద నురుగు పొంగి, పెరడంతా పులిసిన పిండీ మగ్గిన పండూ కలిసిన వాసన.

సాయంత్రాలు సారు అరుగు మీద కూర్చుని బాపుకు ఆ పుస్తకం చదివి అర్థం చెప్పేవాడు. ఇంగ్లీషు చదివి వినిపించడం ఆయనకు ఇష్టం. నేను గోడకు ఇవతల బియ్యం ఏరుతూ వినేదాన్ని. ఒక్క ముక్క వదిలేదాన్ని కాదు. మొదటిసారి పులిసేటప్పుడు మూతి తెరిచి ఉంటుంది కాబట్టి పుట్టిన గాలంతా పోతుంది. ఆ పులియడం ఆగాక తాగితే పచ్చిగా, పిండి వాసనగా, చప్పగా ఉంటుంది. అందుకే రెండోసారి పులియబెట్టాలి. సీసాలో పోసి, చిటికెడు చక్కెర వేసి, బిరడా బిగించాలి. అందులో మిగిలిన ఈస్టు ఆ చక్కెరను తిని మళ్ళీ గాలి పుట్టిస్తుంది. ఈసారి పోవడానికి దారి లేదు కాబట్టి ఆ గాలి బీరులోనే ఇంకిపోతుంది. పచ్చివాసన చస్తుంది, రుచి కుదురుకుంటుంది, పోస్తే నురుగు నిలబడుతుంది. బీరుకు అసలు రూపం వచ్చేది మూతి మూసిన తర్వాతేనట. ఆ మాట నాకు చాలా నచ్చింది.

పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేసిన మొదటి వాయి బాగా వచ్చింది. అదే సారుకు ముప్పయింది. చెడిపోయి కాదు, మా బాపు మెచ్చుకుని. సీసా అడుగున తెల్లగా మడ్డి పేరింది. వంచేటప్పుడు సారు సీసాను కుదిపాడు, గ్లాసులో మసక తేలింది. బాపు తాగి మీసం తుడుచుకున్నాడు.

“మస్తుంది సారూ! గిది మా కల్లుకు సుట్టమే గద! గీ మడ్డి, గీ పొంగు, అచ్చం పోతుతాటి లొట్టి దించినట్టే ఉన్నది.”

బాపు దృష్టిలో దాన్ని మించిన పొగడ్త లేదు. సారు మొహం మాడిపోయింది. “పటేల్ గారూ, కల్లుకూ దీనికీ పోలికేమిటండీ. పెద్దాయన ముందు ఇలాంటి మురికి పెడతానా?” అన్నాడు. ఆ మరుసటి వాయికి జనగామ బజారు నుంచి పటిక తెప్పించాడు.

పులిసిన బీరు జాడీలో పటిక తిప్పితే ఈస్టంతా అడుగుకు దిగింది. పైది వంచి నాలుగు మడతల గుడ్డలో వడపోశాడు. చక్కెర వేస్తే మళ్ళీ మడ్డి పుడుతుందని చక్కెర కూడా మానేశాడు. అప్పుడు బిరడా బిగించి తీగ చుట్టాడు. వారాలు గడిచాక తీస్తే రంగు బంగారం, గ్లాసు అవతల వేలు కనబడేంత తేట. నోట్లో పెట్టుకుంటే చప్పన, పైగా పటిక వగరు. సీసా తెరిస్తే చప్పుడే లేదు.

“బార్లీ మంచిది కాదు,” అన్నాడు. ఇంకో వాయి. “ఇక్కడి నీళ్ళు మంచివి కావు.” స్టేషను నుంచి నీళ్ళు తెప్పించాడు. ఇంకో వాయి. పుస్తకాన్ని తానే చదివాడు, తానే అర్థం చెప్పాడు. కానీ ఆ మడ్డిని చూస్తే కల్లు గుర్తుకొచ్చేది, కల్లును చూస్తే మేము గుర్తుకొచ్చేవాళ్ళం. మమ్మల్ని అందులోంచి వడగట్టకుండా ఆయనకు నిద్ర పట్టేది కాదు.

నాకు పట్టేది. చాలా రోజుల తర్వాత హాయిగా పట్టేది.

చివరి వాయి పులియడం ఆగిన రోజు, సారు పటిక తేవడానికి ముందే, జాడీలోంచి చెంబుతో ముంచి మూడు సీసాలు నింపుకున్నాను. చెంచాలో సగం చక్కెర, బిరడా, తీగ. వడ్ల గుమ్మిలో లోతుగా పూడ్చాను. అక్కడ చల్లగా, చీకటిగా ఉంటుంది. పేలినా వడ్లే ఆపుతాయి. రెండు వారాలకు ఒకటి తీసి అవ్వకూ నాకూ పోశాను. అవ్వ ఒక గుక్క తాగి నోరు మూసుకుని నన్ను చూసింది.

“నాలుక మీద పేలాలు ఎగురుతున్నట్టుందే,” అన్నది. “సారుకు చెప్పవా?”

“సారు అడిగితె చెప్త.”

అడగవలసింది ఆయన, వచ్చింది అక్క. పెద్ద ఇంజనీరు రావడానికి ఇంకా కొన్ని వారాలున్నాయి. బావి దగ్గర నేను సీసాలు కడుగుతుంటే పక్కన కూర్చుంది.

“నీకు తెలుసు కదమ్మాయీ, అదెందుకు పాడవుతోందో. నీ మొహం చూస్తే తెలుస్తోంది. మా అమ్మకు ఒంట్లో బాగాలేదు. ఈ బదిలీ వస్తే దగ్గరుండి చూసుకుంటాను. చెప్పవూ?”

అంతవరకు ఎవరితోనూ అంత మాట అనలేదు. తల ఎత్తకుండానే అన్నాను. “చెప్త అక్కా. సారును మా బాపుకు ఒక్క మాట చెప్పుమను. ‘మీ పిల్లకు సదువు అబ్బుతది, నేను తప్పు చెప్పిన’ అనుమను. గంతే. అప్పుడు చెప్త, చేసి సుత ఇస్త.”

అక్క లేచి వెళ్ళింది. కాసేపటికి ముందరి గదిలోంచి సారు నవ్వు వినబడింది.

“నాకు షరతు పెడుతుందా! గండ్లకెల్లి గుంజుకునేది నాకు బీరు నేర్పుతుందట! వెళ్ళి సీసాలు శుభ్రంగా కడగమను, చాలు.”

గోడ పలచన. నేను విన్నానని ఆయనకూ తెలుసు. ఒక దారి చూపించాను, కాదన్నాడు. ఇక నా మీద ఏ బరువూ లేదనుకున్నాను. సీసాలు శుభ్రంగా కడిగాను. అంత శుభ్రంగా ఎప్పుడూ కడగలేదు.

పెద్ద ఇంజనీరు వచ్చిన రోజు మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. బాపు నాటుకోడి కోయించాడు. ఆయన హైదరాబాదు పాతబస్తీ పక్కన పుట్టి పెరిగిన మనిషట. వచ్చీ రాగానే, “పటేలా, ఏం వాసన భాయ్, జర తొందర పెట్టుండ్రి,” అన్నాడు. ఇంగ్లండు మనిషంటే ఎట్లుంటాడో అని భయపడ్డ అవ్వ ఆ మాటకు నవ్వేసింది. నేను తలుపు వెనక నా చోట్లో ఉన్నాను.

సారు తడి గోనెలో చుట్టి చల్లబరిచిన సీసాలు తెచ్చాడు. తీగ విప్పి బిరడా లాగాడు. చప్పుడు లేదు. గ్లాసులో పోశాడు. బంగారు రంగు, నురుగు లేదు. పెద్ద ఇంజనీరు వెలుగుకు పట్టి, “రంగు బాగుంది,” అని ఒక గుక్క తాగాడు. గ్లాసు కింద పెట్టాడు.

“మియా, ఇది బార్లీ నీళ్ళు. నాకు జ్వరమేం రాలేదు గద!”

అరుగంతా నవ్వింది. బాపు కూడా నవ్వాడు, ఆయన నవ్వాడు కాబట్టి. సారు చెవులు ఎర్రబడడం నా చోటు నుంచి బాగా కనబడింది. అక్కడితో నాకు చాలు. నిజంగా చాలు అనుకున్నాను. గుమ్మిలో ఉన్న రెండు సీసాలు గుమ్మిలోనే ఉండేవి. కానీ సారు నోరు ఊరుకోలేదు.

“సీసాల లోపం సార్. ఈ ఇంటివాళ్ళమ్మాయి కడిగింది. వీళ్ళకు శుభ్రం అంటే...” అని బాపును చూసి ఆగాడు. ఆగినా మాట దాటిపోయింది. బాపు మొహంలో నవ్వు పోయింది.

నేను గుమ్మి దగ్గరికి వెళ్ళాను. భుజం దాకా చెయ్యి పెట్టి ఒక సీసా తీశాను. కొంగుతో వడ్ల దుమ్ము తుడిచాను. తలుపు దాటి, మగవాళ్ళందరి మధ్యకు పోయి, దాన్ని పెద్ద ఇంజనీరు ముందు కాదు, బాపు ముందు పెట్టాను.

“గవే సీసలు బాపు. గీ చేతులే కడిగినయి.”

బాపు తీగ విప్పాడు. బిరడా చేతిలోంచి ఎగిరి పందిరికి తగిలింది. “మెల్లగ వొంచు, కుదుపకు,” అన్నాను. నురుగు గ్లాసు అంచు దాకా లేచి అక్కడ నిలబడింది. పెద్ద ఇంజనీరు తాగాడు. మళ్ళీ తాగాడు. నిమ్మతొక్క గిల్లినట్టు వాసన నా దాకా వచ్చింది.

“అరె వా,” అన్నాడు. సీసాను ఎత్తి చూశాడు. “అడుగుకు మడ్డి ఉన్నదే.”

“ఉండాలె సారూ. గదే పని చేసేది.”

“ఏం పని?”

చెప్పాను. మూతి తెరిచి ఉన్నప్పుడు ఏమవుతుందో, మూసినప్పుడు ఏమవుతుందో, చక్కెర ఎందుకో, పచ్చివాసన ఎట్లా చస్తుందో, పటిక వేస్తే పని చేసేవాళ్ళందరినీ బయటికి నూకి తలుపు పెట్టుకున్నట్టని, నా మాటలోనే చెప్పాను. ప్రహరీ ఎక్కిన నాటి తర్వాత అంత గట్టిగా మాట్లాడింది అదే.

“నీకెవరు చెప్పిండ్రు బిడ్డా ఇవన్నీ?”

“సారే. బుక్కుల సదివి బాపుకు చెప్పిండు. నేను విన్న.”

పెద్ద ఇంజనీరు సారు వైపు తిరిగాడు. “మరి నువ్వేం చేసినవయ్యా?”

“పటిక... తేటగా ఉంటుందని సార్...”

“బాగనే తేటబడ్డది,” అన్నాడు. నా వైపు తిరిగి, “ఏం సదువుతున్నవ్?” అని అడిగాడు.

ఆ ప్రశ్న కోసమే నేను వేసవి నుంచి బతికి ఉన్నాననిపించింది.

“సారును అడుగుండ్రి,” అన్నాను.

సారు నేల చూశాడు. చివరికి బాపే గొంతు సవరించుకున్నాడు. “ఇంటరు పాసైంది సాబ్. బీయస్సీ సదువుతానన్నది. బాస మంచిగ లేదు, కాలేజీల నవ్వుతరు అని సారు అన్నడు. నేను బంద్ చేయించిన.”

“బాస మంచిగ లేదా?” అన్నాడు పెద్ద ఇంజనీరు. “నాది ఎట్లుందయ్యా? జర చెప్పు, ఇన్నేండ్ల సంది నా ముందర కూసుంటున్నవ్.”

సారు నోట ఏదో వచ్చింది, వినబడలేదు. “జర గట్టిగ,” అన్నాడు ఆయన, కోడికూర కలుపుకుంటూ.

“అమ్మాయి చదవగలదు సార్,” అన్నాడు సారు. “నేనే... తొందరపడ్డాను.”

ఆ నోటితోనే. డైరీలో రాసుకున్న మాట అక్షరం పొల్లుపోకుండా జరిగింది. నేను లోపలికి వచ్చి అవ్వ పక్కన కూర్చుని, మిగిలిన కూర గిన్నెలోంచే తిన్నాను. అంత ఆకలి నాకెప్పుడూ వేయలేదు.

జీపు పోయాక బాపు వంటింటి గడప మీద కూర్చున్నాడు. “ముందుగాల్నే సారుకు చెప్పకపోతివా బిడ్డా. ఇజ్జత్ పాయె ఆయనది.”

“షరతు పెట్టిన బాపు. ఒప్పుకోలే.” ఏం షరతో చెప్పాను.

బాపు మీసం దువ్వుకున్నాడు. “గదేదో నాతోని అనకపోతివా?”

“నువ్వు సుత నవ్వితివి గద.”

బాపు లేచి వాకిట్లోకి పోయాడు. జూన్‌లో తానే నన్ను బస్సెక్కించుకుని హన్మకొండ తీసుకుపోయాడు. దారి పొడుగునా నా ట్రంకు పెట్టె తన ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

అంతకు ముందే, ఎండలు ముదరకముందే, సారుకు బదిలీ వచ్చింది. సొంత జిల్లాకు కాదు, భూపాలపల్లి అడవుల వైపు చెరువుల సర్వేకు. ఒక గ్లాసు చప్పటి బీరుకే అంత జరుగుతుందా అని అవ్వ అనేది. జరిగిందో లేదో నాకు తెలియదు. జరిగి ఉంటే బాగుండునని మాత్రం అనుకుంటాను. అక్క తన తల్లిని కూడా అక్కడికే తీసుకుపోయిందని తర్వాత విన్నాను. ఆమె కోసం నాకు బాధ ఉంది. ఆయన కోసం లేదు.

సామాను లారీకి ఎక్కించే రోజు అక్క పెరట్లోకి వచ్చి, కాస్త తటపటాయించి అడిగింది. “ఆ బీరు ఇంకో సీసా ఉందటగా. ఆయన రుచి చూడలేదు. ఒక్కసారి చూస్తానంటున్నారు. ఇస్తావా?”

“ఇస్త అక్కా. జర ఆగు.”

గుమ్మిలోంచి ఆఖరి సీసా తీశాను. వంటింట్లోకి తీసుకుపోయి బిరడా తీశాను. పెద్ద చెంబులో వంచి, నురుగు చచ్చేదాకా గరిటెతో తిప్పాను. ఆయన మిగిల్చిపోయిన పటిక ముక్కను అందులో వేసి తిప్పాను. అది తేటబడేదాకా లారీవాళ్ళకు అవ్వ చాయ్ పోసింది. నాలుగు మడతల గుడ్డ వేసి వడపోశాను. సీసాను కడిగి, మళ్ళీ నింపి, బిరడా బిగించి, తీగ చుట్టాను.

అక్క దాన్ని ఎండకు ఎత్తి చూసింది. అడుగున ఏమీ లేదు. అవతల మా ప్రహరీ, నా మొహం స్పష్టంగా కనబడి ఉంటాయి. సీసా దించి నన్ను చూసింది. ఆమెకు అర్థమైంది.

“సారుకు తేటగ ఉంటెనే ఇష్టం గద అక్కా,” అన్నాను.

ఆమె పెదవి బిగబట్టింది. నవ్వు ఆపుకోవడానికో మరి దేనికో. సీసాను కొంగులో చుట్టుకుని వెళ్ళి లారీలో డ్రైవరు పక్కన కూర్చున్న సారు చేతికి ఇచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని, రోడ్డు గతుకులకు కుదుపు తగలకుండా ఒడిలో పెట్టుకున్నాడు.